తప్పు జనాభాది కాదు.. పంపకానిది!

నీళ్లేవని అడిగిన ప్రతిసారీ పాలకుల దగ్గర ఒక జవాబు తయారుగా ఉంటుంది. మేము చిన్నప్పుడు విన్న జవాబు 'మీ భూములు ఎత్తున ఉన్నాయి, నీళ్లు ఎక్కవు' అని. ఉద్యమంలో ఉన్నప్పుడు విన్న జవాబు 'ట్రిబ్యునల్ ఒప్పుకోదు' అని. ఇప్పుడు కొత్తగా రెండు జవాబులు దొరికాయి. ఒకటి, వాతావరణం మారిపోయింది. రెండు, జనాభా పెరిగిపోయింది. ఇక ఏ ప్రభుత్వమూ దోషి కాదు, ఏ శాఖా దోషి కాదు. పైన ఆకాశం దోషి, కింద జనం దోషి. నడుమ గేట్ల తాళాలు పట్టుకున్న పాలకుడు మాత్రం కడిగిన ముత్యం!

ఈ రెండు జవాబులను పరీక్షకు పెట్టాలంటే నెల్లూరు తీరాన్ని మించిన చోటు లేదు. పెన్న సముద్రంలో కలిసేది అక్కడే. కృష్ణ నీళ్ల కాలువ చివరి మలుపు తిరిగేది అక్కడే. తుపాను తాకేది అక్కడ, బోరు బావిలో ఉప్పు తేలేదీ అక్కడే.

నెల్లూరు సంగతి మనకెందుకు?

కొందరు మిత్రులు ఈ మాట అడుగుతారని మాకు తెలుసు. పోతిరెడ్డిపాడు పొక్క మీద గొంతు చించుకున్నవాళ్లం మనం. ఆ తూము సామర్థ్యాన్ని 11,150 క్యూసెక్కుల నుంచి 44,000కు పెంచుతూ 2005లో 170 నంబరు జీవో వచ్చినప్పుడు రోడ్డెక్కినవాళ్లం. ఆ జీవో తెచ్చిన పద్ధతిని మేము ఇవాళ కూడా ఒప్పుకోం. కానీ ఒక్క ప్రశ్న మనల్ని మనం వేసుకోవాలె. ఆ కాలువ మొదట్లో నిలబడి కొట్లాడిన మనం, దాని చివర ఎవరున్నారో ఎన్నడైనా చూసినమా?

శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, అక్కడి నుంచి బనకచర్ల, వెలుగోడు, బ్రహ్మంగారి మఠం. అక్కడి నుంచి పెన్న మీది సోమశిల, సోమశిల నుంచి కండలేరు. కండలేరు నుంచి పూండి మీదుగా చెన్నై. తెలుగుగంగ దారి ఇది. సోమశిలలో 78 టీఎంసీలు, కండలేరులో 68 టీఎంసీలు పడతాయి. ఒకే జిల్లాలో 146 టీఎంసీల కడుపు! ఇంత కడుపు పక్కన పెట్టుకుని అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు తీర పల్లెలు తాగే నీళ్లకు క్యాన్ల బండి కోసం ఎదురుచూస్తున్నాయంటే దోషం ఎక్కడున్నది? ఆకాశంలోనా?

మన నీళ్లు తీసుకుపోయినవాళ్లు ఆ నీళ్లతో చివరి ఊరి ఆడబిడ్డ బిందె నింపినా మనకు కొంత ఊరట ఉండేది. నింపలేదు. అంటే పై ప్రాంతాన్నీ దగా చేశారు, కింది ప్రాంతాన్నీ దగా చేశారు. ఈ దగా కొత్తది కూడా కాదు. 1937 నవంబరులో రాసుకున్న శ్రీబాగ్ ఒడంబడికలో తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్ల వాడకంలో రాయలసీమకూ నెల్లూరుకూ ముందు చోటు ఇస్తామని రాశారు. పెద్దమనుషుల ఒప్పందాన్ని తుంగలో తొక్కిన చరిత్ర మనకు ఎరుకే. శ్రీబాగ్‌దీ అదే కథ. భాషా రాష్ట్రం కోసం 1952లో ప్రాణమిచ్చిన పొట్టి శ్రీరాములు పేరును 2008లో ఆ జిల్లాకు పెట్టారు. పేరు ఇచ్చారు, రాసిన మాట మాత్రం నిలబెట్టలేదు.

వేలు ముడిచి లెక్క చేద్దాం

ముందు జనాభా సంగతి. 2001 జనగణనలో నెల్లూరు జిల్లా జనం 26.68 లక్షలు. 2011లో 29.63 లక్షలు. పదేళ్లలో పెరిగింది నూటికి 11 మంది, అంటే మూడు లక్షలకు కొంచెం తక్కువ. ఈ మూడు లక్షల మందికి పట్నం కొలత ప్రకారం, తలకు రోజుకు 135 లీటర్లు ఇద్దామనుకోండి. ఏడాదికి ఎంత కావాలి? అర టీఎంసీ! మొత్తం 29.63 లక్షల మందికీ అదే కొలతన ఇస్తే ఏడాదికి ఐదు టీఎంసీల చిల్లర. సోమశిల, కండలేరు కలిపి పట్టే నీళ్లలో ఇది నూటికి నాలుగు వంతులు కూడా కాదు. పల్లెలకు జల్ జీవన్ మిషన్ మొక్కుబడిగా పెట్టిన 55 లీటర్ల కొలత తీసుకుంటే రెండు టీఎంసీలతో జిల్లా గొంతు తడుస్తుంది.

ఇప్పుడు చెప్పండి, జనం తాగి నీళ్లు అయిపోయాయా?

ఇంకో వింత చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు. ఉన్న జనాభా నిలబడాలంటేనే 2.1 కావాలి. 2024లో అక్కడి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు జనాభా తగ్గిపోతున్నదని బెంగపడి, ఎక్కువ మంది పిల్లల్ని కనండని పిలుపిచ్చారు. ఇద్దరు పిల్లలకు మించి ఉంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న పాత నిబంధనను అదే ఏడాది నవంబరులో తీసేశారు. సీట్ల లెక్క వచ్చినప్పుడు జనం చాలరు, నీళ్ల లెక్క వచ్చినప్పుడు జనం ఎక్కువ! ఈ రెండు నాలుకల్లో ఏది నమ్మాలి?

జనాభా అసలు ఒత్తిడే కాదని మేము అనడం లేదు. తలలు పెరగడం కంటే తలలు ఒకచోట పోగుపడటం పెద్ద మార్పు. పల్లెల్లో ఎవుసం గిట్టక జనం నెల్లూరుకు, గూడూరుకు, చెన్నైకి పోతున్నారు. 2011 నాటికే నెల్లూరు పట్నంలో ఐదు లక్షల మంది ఉన్నారు. తీరం వెంట కృష్ణపట్నం ఓడరేవు 2008లో మొదలైంది, దాని చుట్టూ థర్మల్ కేంద్రాలు లేచాయి. కృష్ణపట్నం పారిశ్రామిక నగరానికి 2025 జనవరిలో ప్రధాని శంకుస్థాపన చేశారు. ఫ్యాక్టరీలు వద్దని మేము అనం, మా పిల్లలకూ నౌకర్లు కావాలె. కానీ ఫ్యాక్టరీకి నీళ్ల ఒప్పందం కాగితం మీద ఉంటుంది. ఊరికి మాత్రం వాగ్దానం నోటి మీద ఉంటుంది. కరువు వచ్చిననాడు కాగితం గెలుస్తుంది, నోటి మాట ఓడిపోతుంది. మన ఉద్యమం నేర్పిన మొదటి పాఠమే ఇది.

ఆకాశం మారింది, దస్త్రం మారలేదు

ఇక వాతావరణం. వాతావరణ మార్పు అబద్ధం కాదు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే నూటికి ఏడు పాళ్లు ఎక్కువ తేమను పట్టుకుంటుంది. ఆ తేమ కురిస్తే కుండపోత, కురవకపోతే మండుటెండ. నెల్లూరుకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతోనే వస్తుంది. అంటే బంగాళాఖాతంలో నాలుగు వాయుగుండాలు దారి తప్పితే కరువు, రెండు ఒకేచోట తిష్ఠ వేస్తే వరద.

2021 నవంబరు గుర్తున్నదా? 19న కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లకు ఊళ్లు కొట్టుకుపోయాయి. ఆ నీళ్లన్నీ సోమశిల మీద పడ్డాయి. ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా కిందికి వదిలారు. పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు గాలిలో వేలాడాయి, కోవూరు దగ్గర జాతీయ రహదారి తెగింది. ఐదు లక్షల క్యూసెక్కులు ఒక్క పగలూ రాత్రీ పారితే 43 టీఎంసీలు. జిల్లా జనం మొత్తం ఎనిమిదేళ్లు తాగే నీళ్లు ఒక్క రోజులో! నవంబరులో ఇళ్లు ముంచిన నీళ్లే మే నెలలో బిందెలో ఉండవు. దీనికి వాతావరణాన్ని తిట్టి ఊరుకుంటే సరిపోతుందా? వానను ఆపడం మన చేతిలో లేదు. దాన్ని ఎక్కడ నిలపాలి, ఎప్పుడు వదలాలి, ముందు ఎవరికి ఇవ్వాలి అన్నవి మనిషి చేతిలోనే ఉన్నాయి.

అసలు మోసం ఇంకా లోతున ఉన్నది. కృష్ణ నీళ్లను బచావత్ ట్రిబ్యునల్ పంచింది 1894 నుంచి 1972 దాకా, 78 ఏళ్ల ప్రవాహాల రికార్డు చూసి. వందేళ్లలో 75 ఏళ్లు నమ్మకంగా వచ్చే నీళ్లు 2,060 టీఎంసీలని తేల్చింది. అంతకు మించి వచ్చేవి మిగులు జలాలు. వాటిని కింది రాష్ట్రం వాడుకోవచ్చు గానీ వాటి మీద హక్కు పుట్టదని కూడా చెప్పింది. చెన్నైకి ఇచ్చే నీళ్లు మూడు రాష్ట్రాలు తమ వాటాల నుంచి తలా ఐదు టీఎంసీలు వదులుకున్నవి. ఆ ఒప్పందాలు కాగితం మీద ఉన్నాయి. తెలుగుగంగ కింద ఆయకట్టుకు ఇస్తామన్న 29 టీఎంసీలు మాత్రం మిగులు జలాలే! 2013లో బ్రిజేష్‌కుమార్ ట్రిబ్యునల్ కొత్తగా 47 ఏళ్ల రికార్డు తీసుకుని మళ్లీ పంచింది. ఆ తీర్పు కోర్టు కేసుల్లో ఏళ్ల తరబడి ఇరుక్కుపోయింది.

విద్యార్థి మిత్రులు ఈ ముడి విప్పి చూడాలె. వాతావరణం మారితే మొట్టమొదట దెబ్బ తినేది మిగులు. మంచి ఏడు వరదగా వచ్చి పోతుంది, చెడ్డ ఏడు చుక్క ఉండదు. ఆ మిగులు మీద వేల ఎకరాలకు ఆశ చూపించి ఓట్లు అడిగారు. తాతల నాటి వాన రికార్డు చూసి మనుమలకు నీళ్లు పంచుతున్నారు. లెక్క తప్పిందని తెలిసినా దస్త్రం మార్చరు. మారిస్తే ఒకే నీళ్లను నలుగురికి తాకట్టు పెట్టిన సంగతి బయటపడుతుంది. ఒక పొలాన్ని ఇద్దరికి అమ్మితే చీటింగ్ కేసు. ఒక టీఎంసీని నలుగురికి రాసిస్తే మాత్రం అభివృద్ధి!

దొరువు ఎండింది, ఉప్పు లేచింది

తీరం వెంట తిరిగినప్పుడు మాకు ఒక మాట పదే పదే వినిపించింది. దొరువు. ఇసుక నేలలో చేతులతో తవ్వుకునే నిస్సారపు గుంట అది. సముద్రం అలల మోత వినపడే దూరంలో తియ్యటి నీళ్లు! కుండలతో తోడి కూరగాయల మడులు తడిపేవాళ్లు. ఆ ఇసుక దిబ్బలే వాళ్ల రిజర్వాయర్లు. ఏ ముసలవ్వను కదిలించినా దొరువు నీళ్ల తీపి గురించి చెప్పి, ఇప్పటి బోరు నీళ్ల చేదు గురించి తిట్టి పంపుతుంది.

దీని వెనుక ఉన్న శాస్త్రం తేలికే. మంచినీళ్లు తేలిక, ఉప్పునీళ్లు బరువు. ఇసుకలో ఇంకిన వాన నీరు ఉప్పునీటి మీద తెప్పలా తేలుతుంది. సముద్ర మట్టానికి ఒక అడుగు పైన మంచినీళ్లు నిలిస్తే, దాని కింద సుమారు నలభై అడుగుల లోతు దాకా మంచినీళ్లే ఉంటాయి. ఇదే లెక్క తిరగబడి చూడండి. పైన ఒక అడుగు తోడేస్తే కింద నుంచి నలభై అడుగుల ఉప్పు లేస్తుంది. దొరువు పైపైన గీరుకుని బతికింది. బోరు గుండెలో గునపం దింపింది.

ఇప్పుడు సముద్రమూ పెరుగుతున్నది. 1901 నుంచి 2018 మధ్య ప్రపంచ సముద్ర మట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది. కానీ సముద్రం ఇంచు ఇంచుగా వస్తుంటే మనమే తలుపులు బార్లా తెరిచినం. 90లలో రొయ్యల పిచ్చి నెల్లూరును ఊపేసింది. తెల్లమచ్చ వ్యాధి వచ్చి గుంటలు ఖాళీ అయ్యాయి, అప్పులు మిగిలాయి. తమిళనాడు సర్వోదయ నాయకుడు జగన్నాథన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న తీర్పు చెప్పింది. తీరం నుంచి 500 మీటర్ల లోపల, పులికాట్, చిలికా సరస్సుల చుట్టూ వెయ్యి మీటర్ల లోపల సంప్రదాయ పద్ధతి తప్ప రొయ్యల గుంటలు వద్దన్నది. పంట పొలాలను గుంటలుగా మార్చొద్దన్నది. ఏం చేశారు? 2005లో పార్లమెంటులో తీర ఆక్వా చట్టం తెచ్చి ఆ తీర్పు కోరలు పీకేశారు. 2009లో వనామి రొయ్య వచ్చింది, గుంటలు మళ్లీ నిండాయి.

అప్పు చేసి రెండెకరాల గుంట పెట్టుకున్న రైతు మీద మాకు కోపం లేదు. వరికి ధర ఇవ్వనివాళ్లే ఆయన్ని గుంటలోకి దింపారు. మా కోపం ఉప్పునీటి గుంటకూ ఊరి మంచినీటి బావికీ మధ్య గీత గీయని శాఖల మీద. చిల్లకూరు, కోట వైపు సిలికా ఇసుక తవ్వకాలకు లీజులు రాసిచ్చినవాళ్ల మీద. ఇసుక దిబ్బ వాళ్లకు గాజు ఫ్యాక్టరీ సరుకు. పల్లెకు అది నీళ్ల కుండ. కుండ పగలగొట్టి లారీలకెత్తి, ఇప్పుడు 'భూగర్భ జలం ఉప్పెక్కింది, వాతావరణ మార్పు' అంటే నమ్మాలా? బోర్ల మీద అదుపు కోసం 2002లోనే వాల్టా చట్టం వచ్చింది. ఇరవై ఏళ్లు దాటింది. ఆ చట్టం ఏ బీరువాలో నిద్రపోతున్నదో ఉద్యోగ మిత్రులే చెప్పాలె.

చెన్నై మన శత్రువు కాదు

నెల్లూరులో ఇంకో మాట వింటాం. మా నీళ్లు చెన్నై తాగుతున్నదని. మన దగ్గర ఆంధ్ర తాగుతున్నదని అన్నట్టే. ఈ మాటను జాగ్రత్తగా విప్పాలె. 1983 ఏప్రిల్ ఒప్పందం ప్రకారం చెన్నైకి చేరాల్సింది ఆవిరి నష్టం పోను 12 టీఎంసీలు. చాలా ఏళ్లు అంతా చేరలేదు. 2019 వేసవిలో చెన్నై నాలుగు జలాశయాలూ నెర్రెలిచ్చాయి, జోలార్‌పేట నుంచి రైళ్లలో నీళ్లు మోశారు. అదే చెన్నై 2015 డిసెంబరులో మేడ మీదికి పడవ తెచ్చుకున్నది. నాలుగేళ్ల తేడాలో వరద, దాహం రెండూ! అక్కడా జనం పెరిగారు, అక్కడా వాన మారింది. అక్కడా చెరువులు పూడ్చి కాలనీలు వేసినవాళ్లు సుఖంగానే ఉన్నారు, బిందె పట్టుకుని వరుసలో నిలబడింది గుడిసెల జనమే.

దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ 2018లో తలకు 50 లీటర్లని గిరి గీసింది. గిరి గీసినప్పుడు తోటలు, ఈత కొలనులు ఉన్నవాళ్లు సొంత బోర్ల వైపు తిరిగారు. కొరత అందరికీ ఒకేలా రాదు. దానికీ కులం ఉంటది, వర్గం ఉంటది, కాలువ చివర చిరునామా ఉంటది. అందుకే చివరి భూమి మనిషి ఎక్కడున్నా మన మనిషే. నల్లగొండ ఫ్లోరైడు పల్లె అయినా, తెలుగుగంగ చివరి మడి అయినా, చెన్నై వాడ అయినా.

ఏం అడగాలి?

మేము భిక్ష అడగమనడం లేదు, లెక్క అడగమంటున్నం.

ఒకటి. సోమశిల, కండలేరుల్లోకి రోజూ ఎన్ని నీళ్లు వచ్చాయి, ఎవరికి ఎన్ని పోయాయి అన్నది తెలుగులో ప్రతి పంచాయతీ గోడ మీద రాయాలి. దాచిపెట్టిన లెక్కే దోపిడీకి మొదలు.

రెండు. తాగునీటికి ఐదు టీఎంసీలు ముందుగా పక్కన పెట్టి, అది ఎవరూ ముట్టని వాటా అని చట్టంలో రాయాలి. జీవోలో కాదు, చట్టంలో. జీవో రాత్రికి రాత్రి మారుతుంది.

మూడు. కృష్ణ, పెన్న లెక్కలు ఇటీవలి వానలు, వరదలు చూసి తిరిగి కట్టాలి. మిగులు పేరుతో కొత్త ఆయకట్టు ఆశలు చూపడం ఆపాలి. వరదకు చోటు ఉంచేలా జలాశయాల గేట్ల నియమాలు తిరగరాయాలి.

నాలుగు. తీర ఇసుక దిబ్బలను జలాశయాలుగా ప్రకటించాలి. సిలికా తవ్వకాలు అక్కడ ఆపాలి. బాపట్ల పరిశోధన కేంద్రంలో తయారైన మెరుగుపరిచిన దొరువు బావిని, పక్కలకు చిల్లుల పైపులు వేసి పైపై మంచినీళ్లు మాత్రమే లాగే ఆ పద్ధతిని, తీర పల్లెలన్నిటికీ సర్కారు ఖర్చుతో ఇవ్వాలి.

ఐదు. ఊరి తాగునీటి బావికి ఉప్పు గుంట ఎంత దూరం ఉండాలో గ్రామసభ తేల్చాలి. నష్టపోయే చిన్న రైతుకు పరిహారం ఇవ్వాలి.

ఇందులో ఒక్కటీ ఆకాశం నుంచి దిగిరావాల్సింది కాదు. అన్నీ కాగితం మీద సంతకంతో అయ్యేవే.

నెల్లూరుకు దారి చూపాల్సిన అవసరం మనకు లేదు. 1992లో దూబగుంట ఆడవాళ్లు చీపుర్లు పట్టుకుని సారా దుకాణాల మీదికి పోయారు, రాష్ట్రమంతా కదిలింది, సర్కారు దిగొచ్చింది. ఆనాడు సారా వద్దన్న చేతులే రేపు ఖాళీ బిందెలు పట్టుకుని సోమశిల గేట్ల ముందు కూర్చుంటే ఏ పాలకుడు నిలబడతాడు? సకల జనుల సమ్మెలో 42 రోజులు ఆఫీసులకు తాళం వేసిన మన ఉద్యోగులకు ఆ బలం సంగతి వేరే చెప్పాలా?

నెల్లూరు స్వర్ణాల చెరువులో ఏటా మొహర్రం నాడు రొట్టెల పండుగ జరుగుతుంది. మోకాలు లోతు నీళ్లలో నిలబడి, మతం అడగకుండా, ఊరు అడగకుండా రొట్టెలు మార్చుకుంటారు. కోరిక తీరినవాడు తెచ్చి ఇస్తాడు, కోరిక ఉన్నవాడు తీసుకుంటాడు. ఇచ్చినవాడు తక్కువ కాడు, తీసుకున్నవాడు ఎక్కువ కాడు. జనానికి పంచుకోవడం రాదని చెప్పేవాళ్లు ఒకసారి ఆ చెరువు గట్టు మీద నిలబడి చూడాలి.

పంచుకోవడం జనానికి వచ్చు. పంచనివ్వనిది ఎవరో తేల్చుకునే సోయి రావాలె, అంతే.